పాలమూరు రాత్రుల్లో గడ్డం తొండ: లైటు ఎప్పుడు ఆర్పాలి, హీటర్ ఎప్పుడు పెట్టాలి

మా ఇంటికి బియర్డెడ్ డ్రాగన్, అంటే గడ్డం తొండ, వచ్చిన ఏడాది, డిసెంబరు చలి మొదలవగానే నేను చేసిన మొదటి పని ఎర్ర బల్బు కొనడం. "రాత్రికి ఇదొక్కటి పెట్టండి సార్, వెచ్చగా ఉంటుంది, ఎర్ర వెలుగు దానికి కనిపించదు" అని దుకాణంలో చెప్పారు. నమ్మాను. పది రోజులకల్లా మా గడ్డపోడి తీరు మారిపోయింది (ఆ పేరు మా పెద్దోడు పెట్టింది). రాత్రి పదకొండింటికి కూడా కళ్లు తెరుచుకుని అద్దం గీకుతున్నాడు. పగలేమో బల్బు కింద కునుకుతున్నాడు, మేత వేస్తే మొహం తిప్పుకుంటున్నాడు.

నాయనమ్మ రెండు రోజులు చూసి అడిగేసింది. "తొండకు పెళ్లి పందిరి లెక్క లైట్లు పెట్టినవు. అదెట్ల పండుకుంటది బిడ్డా?"

ఆ రాత్రి టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. కానుగ చెట్టు మీద రోజూ పడుకునే తొండ ఒకటుంది. సన్నని కొమ్మ చివర, కొమ్మను కావలించుకుని, రంగు వెలిసి ఎండుగడ్డిలా ఉంది. దానికి దీపం లేదు, హీటర్ లేదు. లోపలికొచ్చి ఎర్ర బల్బు తీసేశాను. నాలుగైదు రోజుల్లో వాడు మళ్లీ మేతకు వచ్చాడు.

అప్పటి నుంచి చలికాలాలూ ఎండాకాలాలూ థర్మామీటర్ చూస్తూ గడిపాక నాకు అర్థమైంది ఇది. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఏడాదిలో పది నెలలు వీటికి రాత్రి హీటర్ అక్కర్లేదు. లైటైతే ఏ ఒక్క రాత్రీ అక్కర్లేదు. చలికాలంలో నలభై యాభై రాత్రులు, అదీ ఇంటిని బట్టి, వేడి గురించి ఆలోచించాలి. మనం అసలు భయపడాల్సింది మే నెల రాత్రులకి. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా మంచు కురిసే దేశాల వాళ్లవి. వాటిని ఉన్నదున్నట్టు పాటిస్తే షాపింగ్ బిల్లు పెరుగుతుంది, జీవికి నిద్ర పోతుంది.

ముందు ఈ జీవి గురించి

శాస్త్రవేత్తలు దీన్ని పొగోనా విట్టిసెప్స్ అంటారు. ఆస్ట్రేలియా లోపలి భాగాల్లోని పొడి నేలలు దీని సొంతూరు. మన తొండది, దీనిది ఒకటే కుటుంబం, అగామిడే. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని మనవాళ్లు ఎగతాళికి అంటారు గానీ, వరసకి చూస్తే ఊసరవెల్లి కన్నా ఈ గడ్డం తొండే దానికి దగ్గరి చుట్టం.

ఇది పగటి జీవి. ఎండలో కాగుతుంది, చీకటి పడగానే పడుకుంటుంది. దాని సొంత నేలలో రాత్రులు వెచ్చగా ఏమీ ఉండవు. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో జులై నెల రాత్రుల సగటు కనిష్ఠం సుమారు 4 డిగ్రీలు. ఆ కాలంలో ఇవి బొరియల్లోనో చెత్త కిందో దూరి నెలల తరబడి మగతలో ఉంటాయి. పగటికీ రాత్రికీ వేడిలో తేడా ఉండటం వీటి ఒంటికి అలవాటే, అవసరం కూడా. అలాగని 4 డిగ్రీల్లో వదిలేయమని కాదు. అక్కడ అది మట్టిలో దూరుతుంది, మనింట్లో అద్దాల పెట్టెలో ఉంటుంది. ఆ రెండూ ఒకటి కాదు.

చట్టం గురించి ఒక్క మాట. మన ఉడుమునీ నక్షత్ర తాబేలునీ ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. గడ్డం తొండ మన దేశపు జీవి కాదు. ఆస్ట్రేలియా తన అడవి సరీసృపాలను వ్యాపారానికి బయటికి పంపనివ్వదు, కాబట్టి బయట అమ్మేవి బోనుల్లో పుట్టినవై ఉండాలి. కొనేముందు అటవీ శాఖ కార్యాలయంలో అడగండి, అమ్మినవాళ్ల దగ్గర రాతపూర్వక బిల్లు తీసుకోండి, దాన్ని దాచుకోండి.

మొదటి పని: వారం రోజులు కొలవండి

ఏమీ కొనకముందు రెండు వస్తువులు తెచ్చుకోండి. ఒకటి, రాత్రి ఎంత తక్కువకు పడిపోయిందో గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్. తీగ చివర సెన్సర్ ఉన్నదైతే మేలు. రెండోది, గాలిలో తేమ చూపే మీటర్. చాలావరకు రెండూ కలిపి ఒకే డబ్బాలో వస్తాయి.

సెన్సర్‌ని గది గోడకు కాదు, జీవి పడుకునే చోట, దాని వీపు ఎత్తులో పెట్టండి. మా ఇంట్లో హాలు గోడ మీద 20 ఉన్న రాత్రి, నేల మీద పెట్టిన పెట్టెలో 17 చూపించింది. షాబాద్ బండల నేల చలికాలంలో ఎంత చల్లబడుతుందో ఉత్త కాళ్లతో నడిచినవాళ్లకు చెప్పక్కర్లేదు. కిటికీ పక్కన పెట్టెకూ, లోపలి గదిలో పెట్టెకూ కూడా రెండు మూడు డిగ్రీల తేడా ఉంటుంది.

రోజూ పొద్దున లేవగానే రాత్రి కనిష్ఠం ఎంతో కాగితం మీద రాయండి. వారం రాశాక ఆ అంకెలతో ఈ లెక్క చూసుకోండి.

పెరిగిన, ఆరోగ్యంగా ఉన్న జీవికి పడుకునే చోట 18 డిగ్రీలకు తగ్గకపోతే చాలు. హీటర్ ఊసే వద్దు. నాలుగైదు నెలల లోపు పిల్లకు ఒంట్లో నిల్వ తక్కువ కాబట్టి నేను 21, 22 దగ్గర ఆపుతాను. జబ్బు చేసిందీ, ఈ మధ్యే దూరం నుంచి తెచ్చిందీ, బాగా చిక్కిందీ అయితే 24 దాకా ఉంచి డాక్టర్ మాట వినండి. ఒకటి రెండు రాత్రులు 16, 17కి జారితే పెద్దది చచ్చిపోదు, టెన్షన్ పడకండి. వరసగా అలాగే ఉంటేనే ఏదో ఒకటి చేయాలి.

నా కాగితాల ప్రకారం మహబూబ్‌నగర్ పట్టణంలో, మధ్య గదిలో, బల్ల మీద పెట్టిన చెక్క పెట్టెలో డిసెంబరు జనవరిలో కూడా చాలా రాత్రులు 19, 20 ఉంటుంది. ఊరి బయట చేల మధ్య ఉన్న ఇళ్లు, రేకుల ఇళ్లు అలా కాదు, తెల్లవారుజామున బాగా పడిపోతాయి. దేవరకొండ వైపు ఉండే మా బావమరిది ఇంట్లో జనవరిలో 14 చూశాను. అందుకే ఎవరి థర్మామీటర్ వాళ్లదే.

చీకటి

హీటర్ కన్నా ఇది ముఖ్యం. అయినా సలహా అడిగేవాళ్లలో దీని గురించి అడిగేవాళ్లు తక్కువ.

గడ్డం తొండ నడినెత్తి మీద చిన్న పొలుసు మచ్చ ఒకటి ఉంటుంది. అది మూడో కన్ను లాంటిది. బొమ్మలు చూడలేదు గానీ వెలుగు ఉందా లేదా పసిగడుతుంది. కళ్లు మూసుకున్నా అది పని చేస్తూనే ఉంటుంది. ఇక ముఖాన ఉన్న రెండు కళ్లూ రంగుల విషయంలో మన కళ్ల కన్నా మెరుగు, అతినీలలోహిత కాంతి కూడా వాటికి కనిపిస్తుంది. ఎరుపు కనిపించకపోవడమనేది లేదు. నీలం "మూన్‌లైట్" బల్బులదీ ఇదే కథ. అడవిలో రాత్రంతా ఎర్రగానో నీలంగానో వెలిగే చంద్రుడు ఎక్కడున్నాడు?

వీటి నిద్ర మీద శాస్త్రవేత్తలు గట్టిగానే పని చేశారు. 2016లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ మెదడు పరిశోధన సంస్థ వాళ్లు సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. నిద్రపోతున్న గడ్డం తొండల మెదడు తరంగాలు రికార్డు చేస్తే, మనుషుల్లో లాగే గాఢ నిద్ర, కళ్లు కదిలే నిద్ర ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయని తేలింది. మనకు ఒక్కో విడత సుమారు గంటన్నర పడితే, వాటికి 80 సెకన్లే. రాత్రంతా అలా వందల విడతలు. గదిలో లైటు వేసి తీస్తూ ఉంటే ఏం చెడగొడుతున్నామో ఊహించుకోండి.

కాబట్టి పెట్టెలో రాత్రి ఏ రంగు బల్బూ వద్దు. పెట్టె హాల్లో ఉంటే టీవీ వెలుగు పడకుండా మందపాటి గుడ్డ కప్పండి, గాలి ఆడటానికి ఒక పక్క వదలండి. వైఫై డబ్బా మీద మిణుకుమనే లైటుకు నల్ల టేపు అంటించండి. వీధి దీపం కిటికీలోంచి నేరుగా పడే ఇళ్లు ఎక్కువ. కొత్త ఎల్ఈడీ వీధి దీపాలు పాతవాటి కన్నా తెల్లగా గుచ్చుతాయి, ఆ కిటికీకి తెర వేయాల్సిందే. రాత్రి చూడాలనిపిస్తే టార్చిని గోడ మీదకి కొట్టి ఆ వెలుగులో చూడండి, మొహం మీద వేయొద్దు.

కోళ్లు పెంచేవాళ్ల కోసం ఒక మాట, ఎందుకంటే మా వైపు ఈ పొరపాటు బాగా జరుగుతుంది. కోడిపిల్లల బ్రూడర్‌లో పెట్టే ఎర్ర ఇన్‌ఫ్రారెడ్ బల్బు తెచ్చి దీనికి పెడుతున్నారు. కోడిపిల్ల రాత్రి కూడా లేచి మేత తినాలి, దానికి ఆ వెలుగు పనికొస్తుంది. గడ్డం తొండ రాత్రి తినదు. పైగా ఆ బల్బుల్లో 250 వాట్లవి ఎక్కువ. అది షెడ్డుకు తగిన వేడి, నాలుగడుగుల పెట్టెకు కాదు.

హీటర్ కొనకముందు చేయాల్సినవి

పెట్టెను నేల మీద నుంచి లేపి బల్ల మీద పెట్టండి, రెండడుగుల ఎత్తు చాలు. బయటి గోడకు ఆనించకండి. పెట్టె వెనకా, రెండు పక్కలా బయటి వైపు థర్మాకోల్ పలకలు అంటించండి. లోపల పెడితే గీకి మింగుతుంది, జాగ్రత్త. పైన జాలీ ఉంటే సగం మేర పాత దుప్పటి మడత వేయండి, మిగతా సగం గాలికి వదలండి.

అద్దాల పెట్టె కన్నా చెక్క పెట్టె వేడి నిలుపుతుంది. మన వడ్రంగి ప్లైవుడ్‌తో నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు చేసిస్తాడు. ముందు అద్దం, పక్కన గాలి రంధ్రాలు. కొత్త ప్లైవుడ్ వాసన పోయేదాకా పది రోజులు ఎండలో పెట్టండి.

పడుకోవడానికి ఒక గూడు ఇవ్వండి. పగిలిన మట్టి కుండ సగం ముక్క బోర్లిస్తే చాలు, అంచులు మాత్రం అరగదీయండి. లోపల పాత కాటన్ గుడ్డ, దారాలు వేలాడకుండా. మా ఇంట్లో ఈ పనులన్నీ అయ్యాక కనిష్ఠం రెండున్నర డిగ్రీలు పెరిగింది. చాలామంది కథ ఇక్కడితో అయిపోతుంది.

హీటర్ తప్పదనుకుంటే

వెలుగు లేకుండా వేడి ఇచ్చేది కావాలి. దాన్ని సెరామిక్ హీట్ ఎమిటర్ అంటారు. చూడ్డానికి పింగాణీ బల్బులా ఉంటుంది, వెలగదు. 100 వాట్లది నాలుగడుగుల పెట్టెకు మన చలికి ధారాళంగా సరిపోతుంది, 60 వాట్లది కూడా చాలాసార్లు చాలు.

వేడి రాళ్లు కొనకండి. కడుపు కింద చర్మం కాలుతున్నా వీటికి వెంటనే తెలియదు, లేవకుండా అలాగే పడుకుంటాయి. ఎండ పై నుంచి వస్తుందనే వాటి ఒంటికి తెలుసు, వేడి కూడా పై నుంచే ఇవ్వాలి. కింద పరిచే హీట్ మ్యాట్లను కూడా నేను వాడను.

ఇక బిగించడం. ఇక్కడ తొందర పనికిరాదు.

ఒకటి, హోల్డర్. ఈ హీటర్లు మర తిప్పే రకం, మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి పిన్ హోల్డర్లు. పిన్ హోల్డర్‌లో మర బల్బు పెట్టడానికి ప్లాస్టిక్ అడాప్టర్ అమ్ముతారు. అది ఎల్ఈడీ బల్బుకు పనికొస్తుంది గానీ ఈ వేడికి కరిగిపోతుంది. పింగాణీ మర హోల్డరే అడిగి తీసుకోండి. లోపలి తీగ రాగిది, వేడికి తట్టుకునే తొడుగు ఉన్నది కావాలి. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించండి. ఈ పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

రెండు, జాలీ. పని చేస్తున్నప్పుడు హీటర్ పైభాగం 200 డిగ్రీలు దాటుతుంది. వెలగదు కాబట్టి ఆన్‌లో ఉందని చూస్తే తెలియదు, మనకూ తెలియదు, దానికీ తెలియదు. చుట్టూ ఇనుప జాలీ గూడు బిగించి, జీవి ఎక్కగలిగే అత్యంత ఎత్తయిన కొమ్మకూ హీటర్‌కూ మధ్య కనీసం 30 సెంటీమీటర్లు ఉంచండి. కప్పిన దుప్పటి, థర్మాకోల్, కిటికీ తెర దాని దరిదాపుల్లో ఉండకూడదు. థర్మాకోల్ నిప్పు అంటుకుంటే ఇల్లంతా పొగ. పెట్టెకు హీటర్ బిగించాక దాని వైపు థర్మాకోల్ తీసేయడమే మంచిది.

మూడు, థర్మోస్టాట్. ఇది లేకుండా హీటర్ పెట్టొద్దు. గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్లలో వాడే డిజిటల్ కంట్రోలర్, ఎస్‌టీసీ 1000 అనే రకం, ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతుంది. అందులో రెండు అంకెలు పెట్టాలి. హీటర్ ఆగాల్సిన అంకె 19, తేడా 1 అని పెడితే 18కి దిగగానే హీటర్ ఆన్ అవుతుంది, 19 రాగానే ఆగుతుంది. పిల్లకైతే 22, తేడా 1. ఈ కంట్రోలర్‌కు వెనక తీగలు బిగించే టెర్మినళ్లు బయటికే ఉంటాయి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో అమర్చి పెట్టెకు బయట గోడకు తగిలించండి. సాధారణ టేబుల్ ల్యాంపు రెగ్యులేటర్‌తో సర్దుకుందామనుకోవద్దు. అది వేడిని తగ్గిస్తుంది గానీ, తెల్లవారుజామున ఎప్పుడు పెంచాలో దానికి తెలియదు.

నాలుగు, సెన్సర్. ఎక్కువ ప్రమాదాలు ఇక్కడే. సెన్సర్ జారి పెట్టె బయట పడిందనుకోండి, అది చల్లటి గది గాలిని కొలుస్తుంది. హీటర్ ఆగకుండా మండుతూనే ఉంటుంది. మా గడ్డపోడు ఒకసారి తీగ లాగి సెన్సర్‌ని నీళ్ల గిన్నెలో వేశాడు. తెల్లారి చూస్తే పెట్టెలో 33. అదృష్టం కొద్దీ వాడు అవతలి మూలన కుండ కింద ఉన్నాడు. అప్పటి నుంచి సెన్సర్‌ని పడుకునే చోటికి దగ్గర్లో, హీటర్ నేరుగా పడని చోట, రెండు క్లిప్పులతో గోడకు బిగించాను. తీగ పెట్టె లోపల వేలాడకూడదు.

ఐదు, పరీక్ష. జీవిని వేరే పెట్టెలో పెట్టి రెండు రాత్రులు ఖాళీ పెట్టెలో హీటర్ నడపండి. మొదటి రాత్రి కాస్త కాలిన వాసన వస్తుంది, దుమ్ము కాలుతుంది, అంతే. ప్లాస్టిక్ వాసన వస్తే మాత్రం వెంటనే ఆపండి. రెండో థర్మామీటర్ పెట్టి హీటర్ కింద ఎంత, అవతలి చివర ఎంత, పొద్దున చూడండి. చలి అనిపిస్తే దగ్గరికి, ఉక్క అనిపిస్తే దూరానికి జరగడానికి దానికి చోటుండాలి.

కరెంటు ఖర్చు గురించి అడుగుతారు. 100 వాట్లది ఆగకుండా పదిగంటలు నడిస్తే ఒక యూనిట్. థర్మోస్టాట్ ఉంటే సగం సేపు కూడా నడవదు. సీజను మొత్తానికి పాతిక యూనిట్లు కాదు.

సాయంత్రం నుంచి పొద్దున దాకా

మన దగ్గర పగలు డిసెంబరులో సుమారు 11 గంటలు, జూన్‌లో 13 గంటలు. లైట్లను కూడా దాదాపు అలాగే నడపండి. చలికాలంలో పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా, ఎండాకాలంలో పొద్దున ఆరున్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా. పగలు బాస్కింగ్ చోటు (బల్బు కింద అది ఒళ్లు కాగే చోటు) 38 నుంచి 42 డిగ్రీలు, యూవీబీ ట్యూబు (ఎండలో ఉండే అతినీలలోహిత కాంతినిచ్చే లైటు) అదే సమయానికి వెలగాలి. పగలు ఈ వేడి సరిగ్గా అందితే రాత్రి చలి దాన్ని పెద్దగా బాధించదు. రాత్రి హీటర్ కోసం ఆరాటపడేవాళ్ల ఇళ్లలో చాలాసార్లు పగటి బల్బే సరిగ్గా ఉండదు.

ఆఖరి మేత లైటు ఆర్పడానికి రెండు గంటల ముందే అయిపోవాలి. తిన్నది అరగాలంటే ఒంట్లో వేడి కావాలి. కడుపు నిండా పురుగులు తిని చల్లబడితే లోపల కుళ్లుతుంది. తినగా మిగిలిన కీచురాళ్లను ఏరేయండి. పగలు ఇది వాటిని తింటుంది, రాత్రి అవి దీని కాళ్లు కొరుకుతాయి. చెట్ల మీద, పత్తి చేలల్లో పట్టుకొచ్చిన పురుగులు పెట్టొద్దు, మందు కొట్టిన చేలెన్నో మనకు తెలియదు.

ఎండాకాలం రాత్రులు

మే నెలలో నల్లగొండలో పగలు 44, 45 డిగ్రీలు ఎవరికీ కొత్త కాదు. కానీ పగటి ఎండ కన్నా స్లాబు మోసం చేస్తుంది. పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రి దాటేదాకా కిందికి వదులుతూనే ఉంటుంది. మా పై అంతస్తు గదిలో రాత్రి పదింటికి 35 చూశాను. పగలు కాగిన జీవికి రాత్రి కూడా చల్లబడే అవకాశం లేకపోతే రోజు రోజుకీ నీరసపడుతుంది, మేత మానేస్తుంది.

లైట్లు ఆర్పే వేళకు పెట్టెలో 30 లోపు ఉంటే బాధ లేదు. 32 దాటితే నేను లేస్తాను. ఏప్రిల్ రాగానే పెట్టెను కింది అంతస్తుకు, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదికి మార్చండి, చలికాలంలో అంటించిన థర్మాకోల్, దుప్పటి తీసేయండి. బాస్కింగ్ బల్బు వాట్లు తగ్గించండి. గదే 37 ఉన్న మధ్యాహ్నం ఆ బల్బు ఆపినా ఫర్వాలేదు, యూవీబీ మాత్రం వెలగనివ్వండి. షాబాద్ బండ ముక్క ఒకటి పెట్టెలో నీడ వైపు పెట్టండి, చలికాలంలో మనం తిట్టుకున్న బండే ఇప్పుడు చుట్టమవుతుంది.

ఇంకా తగ్గకపోతే నీళ్ల సీసా గడ్డకట్టించి, తువ్వాలు చుట్టి, జాలీ మీద ఒక చివర పెట్టండి. చల్లగాలి కిందికి దిగుతుంది. రెండో చివర ఖాళీగా వదలండి. మేడ మీద సున్నమో తెల్ల కూల్ పెయింటో వేయించుకుంటే మనుషులకూ సుఖమే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం అని ఒకటి తెచ్చింది కూడా.

కూలర్ విషయంలో జాగ్రత్త. కిటికీలు మూసిన గదిలో కూలర్ నడిస్తే గాలిలో తేమ 70 దాటుతుంది. వీటికి 30, 40 శాతం తేమ సరిపోతుంది. రోజుల తరబడి తేమగాలి పీలిస్తే ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ వస్తుంది. కూలర్ పెట్టక తప్పకపోతే గాలి పెట్టె మీదకి నేరుగా తగలకుండా, ఎదుటి కిటికీ తెరిచి పెట్టండి. వానాకాలంలో కూడా తేమ మీటర్ మీద ఒక కన్నుండాలి.

కరెంటు పోతే

చలి రాత్రి కరెంటు పోతే మూడు నాలుగు గంటలు ఏమీ కాదు, దుప్పటి ఇంకొంచెం కప్పండి. తెల్లారేదాకా రాదని తెలిస్తే గోరువెచ్చని నీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి కుండ పక్కన పెట్టండి. ఆ రోజు పొద్దున, లైటు వెలిగి ఒళ్లు కాగేదాకా మేత వద్దు.

నన్ను ఇబ్బంది పెట్టింది టైమర్. చక్రం తిరిగే చవక టైమర్ పెట్టాను. ఒక మే నెల గాలివానకు కరెంటు మూడు గంటలు పోయింది, దాంతో చక్రం కూడా మూడు గంటలు ఆగింది. మర్నాటి నుంచి లైటు ఏడున్నరకు బదులు పదిన్నరకు ఆరుతోంది. మేము నల్లగొండలో పెళ్లికి వెళ్లాం, పక్కింటి పిల్లాడు పగలొచ్చి మేత, నీళ్లు పెట్టి వెళ్లేవాడు, రాత్రి సంగతి వాడికెలా తెలుస్తుంది? నాలుగు రోజులకు వచ్చి చూస్తే గడ్డపోడి గడ్డం నల్లగా ఉబ్బి ఉంది, చిరాకులో ఉన్నాడని గుర్తు అది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ కొనండి, కరెంటు పోయినా టైమ్ తప్పదు. ఇన్వర్టర్ ఉంటే హీటర్‌ని దాని మీద పెట్టేముందు ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

దోమలు, చీమలు

పెట్టె ఉన్న గదిలో దోమల చక్రాలు, లిక్విడ్ మందులు, సాంబ్రాణి పొగ వద్దు. దోమల మందుల్లో వాడే రసాయనాలు సరీసృపాలకు ప్రమాదం. నీలి వెలుగుతో దోమల్ని చంపే మెషీన్ కూడా వద్దు, చీకటి చెడుతుంది. కిటికీకి జాలీ కొట్టించండి. పెట్టె మీద నైలాన్ దోమతెర కప్పాలనుకుంటే హీటర్ లేని రోజుల్లోనే.

చీమలకు పాత పద్ధతే. బల్ల నాలుగు కాళ్ల కింద నాలుగు గిన్నెలు పెట్టి నీళ్లు పోయండి. తినగా మిగిలిన ఆకులు, చచ్చిన పురుగులు రాత్రికి పెట్టెలో ఉండనివ్వకండి.

చలికాలం మగత

ఏడాది దాటిన జీవి డిసెంబరు జనవరిలో మేత తగ్గించి, గూట్లోంచి బయటికి రాకుండా రోజుల తరబడి పడుకోవచ్చు. ఆస్ట్రేలియాలో దీని చుట్టాలు చేసేదే. హీటర్ పెంచి, లైటు పెంచి దాన్ని లేపాలని చూడకండి. వంటింటి తక్కెడలో వారానికోసారి బరువు చూడండి. పెద్దగా తగ్గకపోతే పడుకోనివ్వండి. నీళ్లు దగ్గర్లో ఉంచండి. బరువు పదో వంతు పోయినా, కళ్లు లోపలికి పోయినా అది మగత కాదు, జబ్బు. పిల్లలు ఇలా పడుకుంటే మాత్రం ఆగకుండా డాక్టర్‌కి చూపించాలి.

బాగా నిద్రపోయిన జీవి రాత్రి వెలిసిన రంగులో, కాళ్లు చాపి, కళ్లు గట్టిగా మూసుకుని ఉంటుంది. పొద్దున లైటు కింద ముదురు రంగుకు తిరిగి కాగుతుంది, అది మామూలే. రాత్రి నోరు తెరుచుకుని ఉంటే ముందు థర్మామీటర్ చూడండి, వేడి ఎక్కువై ఉంటుంది. వేడి లేకుండానే నోరు తెరుస్తుంటే, ముక్కు దగ్గర నురగో చీమిడో కనిపిస్తే, ఊపిరిలో టిక్‌టిక్ చప్పుడు వస్తే ఇంటి వైద్యం వద్దు. సరీసృపాలను చూసే పశువైద్యులు మన జిల్లాల్లో అరుదు, హైదరాబాద్ వెళ్లాల్సి వస్తుంది. అవసరం రాకముందే ఒకరి నంబరు తీసి పెట్టుకోండి. చలికాలంలో తీసుకెళ్లేటప్పుడు థర్మాకోల్ డబ్బాకు గాలి రంధ్రాలు చేసి, గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసా ఒక పక్కన పెట్టండి. ఎండాకాలంలోనైతే తెల్లారకముందే బయల్దేరండి, జడ్చర్ల దాటేసరికే ఎండ మొదలవుతుంది.